గంటలకూ పద్దు రాశాను

మాది ఒడిశాలోని రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. 2024 అక్టోబరులో బిజినెస్ మాస్టర్స్ చదవడానికి జర్మనీలోని కొలోన్ వెళ్లాను.

కొత్తలో ప్రతి శుక్రవారం సాయంత్రం బ్యాగు సర్దేసేదాన్ని. ఆమ్‌స్టర్‌డామ్, బ్రస్సెల్స్, పారిస్ అన్నీ దగ్గరే అనిపించేవి. డిసెంబరులో ఫైనాన్స్ టెస్టు పోయింది. గ్రూప్ కేస్ స్టడీలో నా వంతు స్లైడ్లు ఖాళీగా ఉండిపోయాయి. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి ఏడ్చేశాను.

మాకు కిరాణా కొట్టు ఉంది. "డబ్బుకి పద్దు రాస్తాం కదమ్మా, గంటలకీ రాసి చూడు" అన్నారు నాన్న.

రాశాను. అక్కడ ఒక క్రెడిట్ అంటే 30 గంటల పని. సెమిస్టరుకి 30 క్రెడిట్లు, అంటే 900 గంటలు. 20 వారాలకు పంచితే వారానికి 45. నేను పెడుతున్నది ఇరవై కూడా లేదు!

జనవరి నుంచి శనివారం లైబ్రరీకి, సరుకులకి. ఆదివారం జర్మనీలో కొట్లు ఎలాగూ మూసేస్తారు, ఆ రోజు తిరగడానికి. అప్పట్లో నెలకు 58 యూరోలుండే డాయిచ్‌లాండ్ టికెట్‌తో, అంటే దేశమంతా లోకల్ రైళ్లలో చెల్లే నెల పాస్‌తో, బాన్, ఆహెన్ చూసి రాత్రికల్లా వచ్చేసేదాన్ని. ఐసీఈ లాంటి స్పీడు రైళ్లలో అది చెల్లదు. నిదానంగా వెళ్లే రైలే నాకు మేలైంది, కిటికీ పక్కన కూర్చుని కేస్ స్టడీ చదివేసేదాన్ని. దూరపు ఊళ్లు పరీక్షలయ్యాకే.

కొలోన్ కెథడ్రల్ గోపురం మాత్రం ఫిబ్రవరిలో, ఫైనాన్స్ ఫైనల్ రాసిన రోజున ఎక్కాను. 533 రాతి మెట్లు, మెలికలు తిరుగుతూ. పైనుంచి రైన్ నది కనిపించగానే నాన్నకు వీడియో కాల్ చేశాను. ఒక చేత్తో కందిపప్పు తూకం వేస్తూనే చూశారు.