బొమ్మ నుంచి బతుకుదెరువు దాకా – పాఠం 4: చూపించడం, వినడం, మళ్ళీ గీయడం

పోయిన పాఠంలో ఒకే కథకు మూడు బొమ్మలు గీసి పూర్తి చేయమన్నాను. రెండు పూర్తయి మూడోది సగంలో ఆగినా పర్వాలేదు, ఆ సగం బొమ్మను కూడా దగ్గర పెట్టుకోండి. ఒక్కటీ పూర్తి కాకపోతే మాత్రం ఈ పాఠాన్ని కొన్నాళ్ళు ఆపండి. చేతిలో పని లేకుండా సలహా కోసం వెళితే మాటలు తప్ప ఏమీ దొరకవు.

నేను బొమ్మలు గీసే మనిషిని కాబట్టి ఉదాహరణలన్నీ బొమ్మలవే. కథలు రాసేవాళ్ళు, పాటలు కట్టేవాళ్ళు తమ పనిని ఆ చోట పెట్టుకుని చదువుకోండి.

ఎవరికి చూపించాలి

గురువు అనగానే తల నెరిసిన, పెద్ద పేరున్న మనిషే గుర్తొస్తారు. అలాంటివాళ్ళు దొరికేదాకా ఎవరికీ చూపించకుండా ఏళ్ళు గడిపేస్తారు కొందరు. 1903లో రిల్కే అనే కవి, తనకు కవితలు పంపిన కపుస్ అనే సైనిక పాఠశాల విద్యార్థికి జవాబు రాశాడు. 1908 దాకా మొత్తం పది ఉత్తరాలు రాశాడు. వాటిని ప్రపంచమంతా ఇప్పటికీ చదువుకుంటోంది. ఆ విద్యార్థికి అప్పుడు 19 ఏళ్ళు. మరి కవికి? 27. మీకంటే నాలుగైదేళ్ళు ముందు నడిచినవాళ్ళు చాలు. మీరు ఇప్పుడు ఎక్కడ తడబడుతున్నారో అక్కడ తామూ తడబడిన సంగతి వాళ్ళకింకా గుర్తుంటుంది.

ఇంకో విషయం కూడా ఆ మొదటి ఉత్తరంలోనే ఉంది. నా కవితలు బాగున్నాయా అని బయటివాళ్ళను అడగడం మానుకో అన్నాడు. నేనైతే బయటివాళ్ళను అడగమనే చెబుతాను, కానీ ఆ ప్రశ్న మాత్రం వద్దు.

ఏమని అడగాలి

"నమస్కారం, నా బొమ్మలు నలభై పంపుతున్నాను. చూసి ఎలా ఉన్నాయో చెప్పండి." ఇలాంటి మెసేజ్‌లు నాకు తరచూ వస్తాయి. పంపినవాళ్ళ ఆరాటం తెలుసు, నేనూ ఒకప్పుడు ఇలాగే పంపాను. అయినా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక "బాగున్నాయి, ఇంకా గీయండి" అని రాసిన రోజులున్నాయి. అలాంటి జవాబు ఎవరికీ ఉపయోగపడదు.

దాని బదులు ఇలా రాయండి:

"నమస్కారం మేడమ్. ఒక కథకు మూడు బొమ్మలు వేశాను. రెండో బొమ్మలో అమ్మాయి భయాన్ని దాచుకుంటోందని చూసేవాళ్ళకు తెలియాలి. మీకు అలా అనిపిస్తోందా? అనిపించకపోతే ఎక్కడ తేడా కొడుతోంది? మీకు వీలున్నప్పుడు చెప్పండి, తొందరేమీ లేదు."

మూడు బొమ్మలు, ఒక్క ప్రశ్న. మీరు ఏం చేయాలనుకున్నారో అందులో ఉంది కాబట్టి, అది అయిందో లేదో అవతలివాళ్ళు చెప్పగలరు. చదివి జవాబివ్వడానికి పది నిమిషాలు చాలు. పని ఉన్నవాళ్ళు కూడా ఆ పది నిమిషాలు ఇస్తారు. జవాబు వచ్చాక బొమ్మను సరిచేసి మళ్ళీ పంపండి. చాలామంది ఆ రెండోసారి పంపనే పంపరు. పంపినవాళ్ళు మాత్రం వాళ్ళకు గుర్తుండిపోతారు. నాకు తెలిసి గురుశిష్యుల బంధం ఎక్కువగా ఆ రెండో మెసేజ్‌తోనే మొదలవుతుంది.

ఒక అరచేయి

కిటికీ దగ్గర నిలబడి ఎవరికోసమో ఎదురుచూస్తున్న పిల్లవాడి బొమ్మ ఒకటి వేశాను. కర్టెన్ మీద పువ్వులకే రెండు రోజులు పట్టింది. కళ్ళల్లో తడి కూడా పెట్టాను. తీసుకెళ్ళి ఒక సీనియర్ ఆర్టిస్ట్‌కు చూపించాను. ఆవిడ కాసేపు చూసి, అరచేతిని పిల్లవాడి ముఖం మీద పెట్టి మూసేశారు.

"ఇప్పుడు చెప్పు, వీడు ఎదురుచూస్తున్నాడా?"

లేదు. ముఖం మూసేస్తే మిగిలింది గ్రూప్ ఫోటోకు నిలబడ్డ పిల్లవాడు. భుజాలు సమంగా, చేతులు తిన్నగా, రెండు పాదాల మీదా ఒకే బరువు. ఎదురుచూసే మనిషి అలా నిలబడడు. ఒక కాలి మీదికి ఒరుగుతాడు, గోడకు ఆనుకుంటాడు, వేలితో కిటికీ చట్రాన్ని గీకుతాడు.

"భుజాలు బిగుసుకుపోయాయి. ముఖం లేకుండా గీసుకురా," అన్నారు.

బొటనవేలంత సైజులో, ముఖం లేకుండా, పదకొండు గీశాను. ఏడోదాంట్లో పిల్లవాడు ఒక పాదాన్ని ఇంకో పాదం మీద పెట్టుకున్నాడు. అది చాలింది. కర్టెన్ మీద పువ్వులు తీసేశాను.

విన్నదే రాసుకోవాలి

ఆ రోజు ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో రాసుకున్న మాట "నాకు మనుషుల్ని గీయడం రాదు". ఆవిడ ఆ మాట అనలేదు. అన్నది "భుజాలు బిగుసుకుపోయాయి" అని. మొదటిదాన్ని పట్టుకుంటే కుమిలిపోవడం తప్ప చేయగలిగిందేమీ లేదు. రెండోదాన్ని పెన్సిల్ తీసుకుని ఆ సాయంత్రమే సరిచేయొచ్చు. అందుకే ఎవరైనా మీ పని గురించి మాట్లాడుతుంటే వాళ్ళ నోటి నుంచి వచ్చిన మాటలను అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. దానికి మీరు తీసుకున్న అర్థాన్ని వేరే పేజీలో రాయండి. టెన్షన్ తగ్గాక రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఆత్మవిశ్వాసం సంగతీ ఇక్కడే తేలుతుంది. ఒక పని చేయగలనన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వవేత్త 1977లో వివరించాడు. నాలుగు చోట్ల నుంచి వస్తుందన్నాడు: స్వయంగా చేసి గెలిచిన అనుభవం, మనలాంటివాళ్ళు చేయడం చూడటం, ఇతరులు ఇచ్చే ధైర్యం, మన ఒంట్లోని కంగారునో కుదురునో మనం అర్థం చేసుకునే తీరు. వీటిలో అన్నిటికంటే బలమైనది మొదటిదేనన్నాడు. నీకు టాలెంట్ ఉందని ఎంతమంది చెప్పినా అది నాలుగు రోజులే నిలుస్తుంది. మొదటి పిల్లవాణ్ణీ ఏడో పిల్లవాణ్ణీ పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు కలిగిన నమ్మకం నాలో ఇప్పటికీ ఉంది. అందుకే సరిచేసిన బొమ్మతో పాటు పాతది కూడా దాచమంటాను, రెంటి వెనకా తేదీ వేసి.

చెప్పిన ప్రతి సలహానూ పాటించాలని లేదు. మీ బొమ్మను మీరు అనుకున్నట్టు రానిచ్చే సలహా ఒకటి, తమలా గీయమనే సలహా ఇంకొకటి. రెండోదాన్ని మర్యాదగా విని వదిలేయండి.

పని ఆగిపోతే

తిరస్కారాలు రకరకాలు. జవాబే రాలేదు, లేదా "ప్రస్తుతం మాకు సరిపోవు" అని ఒక్క వాక్యం వచ్చింది. అందులో మీ పని గురించి సమాచారమేమీ లేదు, లేనిదాన్ని వెతక్కండి. తిరస్కరిస్తూ కూడా ఒక బొమ్మ పేరెత్తి ఏదైనా రాశారంటే, ఆ మనిషి మీ పనిని నిజంగా చూశారు. ఆ అడ్రస్ దాచుకుని, తర్వాతి పని పూర్తవగానే వాళ్ళకు పంపండి.

నన్ను బాగా దెబ్బతీసింది ఇంకో రకం. 24 పేజీల పిల్లల పుస్తకానికి 16 పేజీలు గీశాక, ప్రచురణకర్త ఆ పుస్తకాన్నే ఆపేశారు. రెండు నెలలు పెన్సిల్ ముట్టుకోలేదు. తర్వాత ఒక కాగితం మీద గీత గీసి, ఎడమవైపు "పోయింది", కుడివైపు "మిగిలింది" అని రాశాను. పోయినవి: పుస్తకం, మిగతా డబ్బు, నా పేరు అచ్చులో చూసుకోవడం. మిగిలినవి: 16 పేజీల రఫ్ స్కెచ్‌లు, జంతువులను కదిలించడం రావడం, గడువు ప్రకారం పని చేయగలనన్న రుజువు. తర్వాతి అవకాశం జంతువుల బొమ్మలు చూపించినందుకే వచ్చింది. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను: మధ్యలో ఆగిపోతే అప్పటిదాకా చేసిన పనికి ఎంత ఇస్తారు, ఆ బొమ్మల మీద హక్కు ఎవరిది అన్న రెండూ ఒప్పందంలో ముందే రాయించుకోవాలి. నేను అప్పుడు రాయించుకోలేదు.

చిత్రకారుడు హెన్రీ మతీస్‌కు 1941లో, 71 ఏళ్ళ వయసులో, పెద్ద ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఎక్కువ కాలం మంచంలో, చక్రాల కుర్చీలో గడిపాడు. ఈజిల్ ముందు గంటల తరబడి నిలబడటం పోయింది. రంగు మీద పట్టు, కత్తెర పట్టుకోగల చేతులు మిగిలాయి. సహాయకులు కాగితాలకు రంగు పూసిస్తే వాటిని కత్తిరించి బొమ్మలు కూర్చాడు. ఆ కాగితపు బొమ్మలతో 1947లో పుస్తకం కూడా వేశాడు. ఆయన కాగితానికి ఎడమవైపు నాదానికంటే ఎంత బరువో ఊహించుకోండి.

రెండు వారాల పని

మీ మూడు బొమ్మల్లో మనుషులున్నవాటి ముఖాలను అరచేత్తో మూసి చూడండి. కథ చెప్పకుండా నిలబడిపోయినవాళ్ళను బొటనవేలంత సైజులో పదిసార్లు మళ్ళీ గీయండి. ఆ తర్వాత ఒక్కరిని ఎంచుకుని, ఒక్క ప్రశ్నతో పంపండి. వారంలో జవాబు రాకపోతే ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయండి, అప్పటికీ రాకపోతే ఇంకొకరిని అడగండి. సగంలో ఆగిన బొమ్మ వెనక "పోయింది", "మిగిలింది" రాసి, మిగిలినదాంతోనే దాన్ని పూర్తి చేయండి.

పాఠం 5 ఒప్పందాల గురించి. దానికి మీ నోట్‌బుక్‌లో నాలుగు ఖాళీ పేజీలు ఉంచండి.