గ్లాక్ ఎంఓఎస్ పిస్టల్‌కు రెడ్ డాట్ ప్లేటు బిగించే విధానం
ఎంఓఎస్ అంటే స్లైడు (పిస్టల్ పైభాగంలో వెనక్కీ ముందుకూ కదిలే లోహ భాగం) మీద రెడ్ డాట్, అంటే ఎర్రచుక్కతో గురి చూపే సైటు, అమర్చుకునేలా మలచిన గ్లాక్ నమూనా; సైటుకూ స్లైడుకూ మధ్య వచ్చేదే ఈ ప్లేటు. ముందుగా మ్యాగజైన్ తీసి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ రూఢి చేసుకోవాలి. చాలా 9 ఎంఎం గ్లాక్ ఎంఓఎస్ నమూనాలలో ట్రిజికాన్ ఆర్ఎంఆర్ సైటుకు 02 సంఖ్య గల ప్లేటు, ల్యూపోల్డ్ డెల్టాపాయింట్ ప్రో సైటుకు 04 సరిపోతాయి; సైటు కొనకముందే ఈ జత చూసుకోవడం మంచిది. స్క్రూలకూ రంధ్రాలకూ అంటిన నూనెను ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచి, నీలిరంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ సడలకుండా పట్టి ఉంచే జిగురు) ఒక్క చుక్క మాత్రమే రాసి, చేతి అంచనాను నమ్మకుండా, తయారీదారు చెప్పిన మేరకే టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే పనిముట్టు) బిగించాలి.

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది స్క్రూ పొడవు. ప్లేటును స్లైడుకు పట్టి ఉంచే కుడివైపు స్క్రూ కాస్త పొడవైనా, దాని మొన కిందనున్న ఎక్‌స్ట్రాక్టర్ (పేలిన తూటా ఖాళీ తొడుగును బయటికి లాగే కొక్కెం) ప్లంజరుకు, అంటే దాన్ని నొక్కి ఉంచే చిన్న కడ్డీకి, ఒరుసుకోవచ్చు, అప్పుడు ఆ తొడుగు సరిగా బయటపడకపోవచ్చు. కనుక బిగించాక ఎక్‌స్ట్రాక్టర్ స్వేచ్ఛగా కదులుతోందో లేదో తప్పక చూడాలి. చివరగా స్క్రూ తలనూ దాని పక్క లోహాన్నీ కలుపుతూ సన్నని పెయింటు గీత గీస్తే, సడలిన వెంటనే తెలిసిపోతుంది.