వరదకు ఇల్లు వదలాల్సి వస్తే ప్రభుత్వ సాయం ఎలా అందుకోవాలి?

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు విజయవాడ మీద పడ్డప్పుడు సింగ్‌నగర్ వైపు జనం కట్టుబట్టలతో బయటికొచ్చారు. తర్వాత ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తుల వాళ్ళకు 10,000 రూపాయలు ఇచ్చింది. ఆ వానలకే మున్నేరు ముంచిన ఖమ్మంలో తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి 16,500 ప్రకటించింది. అయినా ఒకే వీధిలో డబ్బు పడ్డ ఇల్లూ పడని ఇల్లూ పక్కపక్కనే ఉంటాయి. నీళ్ళు అందరికీ ఒకేలా వచ్చాయి, జాబితాలో పేరే కొందరికి ఎక్కలేదు. కాబట్టి మొదటి రోజు నుంచీ మన పని పేరు ఎక్కించుకోవడమే.

1. బయల్దేరే ముందు

ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, కరెంటు బిల్లు ఒక ప్లాస్టిక్ కవర్లో వేసుకోండి. అన్నిటికీ ఫోన్లో ఫొటో తీసి, వేరే ఊళ్ళో ఉన్న చుట్టాలెవరికైనా వాట్సాప్‌లో పంపి ఉంచండి. ఫోన్ తడిసినా కాగితాల నకలు మిగులుతుంది.

2. పునరావాస కేంద్రంలో

వెళ్ళగానే రిజిస్టర్‌లో ఇంట్లో అందరి పేర్లూ రాయించండి, పిల్లలతో సహా. 2025 అక్టోబర్‌లో మొంథా తుపానప్పుడు కేంద్రాల్లో ఉన్నవాళ్ళకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనిషికి 1,000, కుటుంబానికి గరిష్ఠంగా 3,000 ఇచ్చింది. బియ్యం 25 కిలోలు, మత్స్యకారులకూ చేనేత వాళ్ళకూ 50. చుట్టాలింటికి వెళ్ళినవాళ్ళకు ఈ పునరావాస కేంద్రం డబ్బు రాదు. ఇల్లు మునిగినందుకు ఇచ్చేది మాత్రం వేరే లెక్క, అది అడగొచ్చు.

3. కడగొద్దు, ముందు ఫొటో తీయండి

ఇంటికి రాగానే బురద చూసి చీపురు అందుకుంటాం. ఒక్క పది నిమిషాలు ఆగండి. గోడ మీద నీళ్ళు నిలిచిన చోట గోధుమరంగు చార ఉంటుంది. స్విచ్‌బోర్డు కూడా కనపడేలా దాన్ని ఫొటో తీస్తే ఎంత ఎత్తు వచ్చిందో ఎవరికైనా తెలుస్తుంది. గుమ్మం, డోర్ నంబరు, ముందున్న రోడ్డు ఒకే ఫొటోలో పడాలి. బండి మునిగితే నంబరు ప్లేటుతో తీయండి. విజయవాడలో టూవీలర్‌కు 3,000, ఆటోకు 10,000 ఇచ్చారు.

4. లెక్కలు రాసేవాళ్ళు వచ్చినప్పుడు

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఎన్యుమరేషన్‌కు, అంటే నష్టం లెక్క రాసుకోవడానికి, వచ్చే రోజు ఇంట్లో ఒక్కరైనా ఉండాలి. వాళ్ళు ఏం నమోదు చేశారో చదివి వినిపించమని అడగండి, మొహమాటపడొద్దు. మా పిన్ని వాళ్ళది గ్రౌండ్ ఫ్లోరే, నడుము లోతు నీళ్ళొచ్చాయి. నమోదులో ఫస్ట్ ఫ్లోర్ అని పడింది. ఆ ఒక్క పొరపాటుకు 15,000 తగ్గింది.

అద్దెకున్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. సామాను పోయింది మీది, కానీ ఆధార్‌లో అడ్రస్ సొంతూరిది ఉంటుంది. అద్దె కాగితం, గ్యాస్ పుస్తకం, ఏది ఉంటే అది చూపించండి.

ఇల్లు కూలితే లెక్క వేరు. విపత్తు నిధికి కేంద్ర ప్రభుత్వం 2022-26 కాలానికి పెట్టిన నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000, గుడిసెకు 8,000. కొంత దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000, అదీ కనీసం 15 శాతం పాడైతేనే. పాడి గేదె పోతే 37,500, మేకకు 4,000. కళేబరాన్ని పూడ్చకముందే పశువైద్యుడికి కబురు పెట్టాలి. వీటిపైన రాష్ట్రం ఎంత కలుపుతుందనేది ఒక్కో విపత్తుకు ఒక్కోలా ఉంటుంది, కాబట్టి పోయినసారి ఇంత ఇచ్చారు కదా అని లెక్కేసుకోవద్దు.

5. బ్యాంకు ఖాతా

డబ్బు ఆధార్‌కు లింకైన ఖాతాలో పడుతుంది. రెండు మూడు ఖాతాలుంటే చివరగా లింక్ చేసినదాంట్లో పడుతుంది, మనం చూసుకునేది ఇంకోటి. టెన్షన్ పడేముందు ఫోన్లో *99*99*1# కొట్టి ఏ బ్యాంకో చూసుకోండి.

6. పేరు లేకపోతే

గ్రామ, వార్డు సచివాలయంలోనో పంచాయతీ ఆఫీసులోనో జాబితా పెడతారు. స్వయంగా వెళ్ళి చూడండి. పేరు లేకపోయినా, తప్పు పడినా తెల్లకాగితం మీద అర్జీ రాసి రసీదు తీసుకోండి. నోటిమాటగా చెప్పినదానికి లెక్కాజమా ఉండదు. అక్కడ పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌కు వెళ్ళండి: ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణలో ప్రజావాణి. ఆంధ్రప్రదేశ్‌లో 1100కు ఫోన్ కూడా చేయొచ్చు. మధ్యవర్తికి రూపాయి ఇవ్వక్కర్లేదు.

పిన్ని మొదటిసారి ఉత్తచేతులతో వెళ్ళొచ్చింది. రెండోసారి మా తమ్ముడు తీసిన ఫొటో పట్టుకెళ్ళింది: గుమ్మం, మెట్లు లేని వాకిలి, గోడ మీద చార. అది చూశాకే ఆ ఉద్యోగి పెన్ను తీశాడు.