రోమన్ రాజకీయ నవలలు: పేర్లకు బెదరకండి

గాజువాక నుంచి జగదాంబ దాకా బస్సులో చదివేదాన్ని కాబట్టి, ముందు పేర్లు కుదించేస్తాను. రోమన్ వక్త, రాజకీయవేత్త మార్కస్ టుల్లియస్ సిసెరో అంటే నాకు సిసెరో, అంతే. మార్కస్‌లు పేజీకొకరు తగులుతారు మరి!

రోమన్ పదవుల వరస, కింది నుంచి పైకి, అట్ట లోపల పెన్సిల్‌తో రాసుకోండి: క్వెస్టర్ (ఖజానా చూసేవాడు), ఈడైల్ (నగర నిర్వహణ చూసేవాడు), ప్రేటర్ (న్యాయాధికారి), కాన్సుల్ (అందరికన్నా పై అధికారి). కాన్సుల్స్ ఇద్దరు, పదవి ఏడాదే. ఒకరి నిర్ణయాన్ని రెండోవారు అడ్డుకోవచ్చు. టెన్షనంతా అక్కడే పుడుతుంది.

సిసెరో కాన్సుల్‌గా ఉన్న క్రీ.పూ. 63 కథతో మొదలుపెట్టండి. ప్రభుత్వాన్ని కూలదోయాలని కాటిలైన్ అనే రాజకీయ నాయకుడు పన్నిన కుట్ర ఆ ఏడాదిదే. సెనేట్ ప్రసంగాలను పైకి చదవాలి, బస్సులో కాదు, ఆర్కే బీచ్‌లో. యుద్ధవర్ణనలు నేనైతే దాటేస్తాను. క్రీ.పూ. 44లో సీజర్‌ను చంపుతారని ముందే తెలిసినా ఫర్వాలేదు, ఆ రోజు తర్వాత ఎవరు ఎటు దూకుతారో చూడడమే మజా.