కబోర్డు కింద చిమ్నీ ఎలా బిగించాలి? ముందు గోడ చిల్లు, ఆ తర్వాతే డబ్బా

చిమ్నీ బిగించడమంటే ఆ స్టీలు డబ్బాను కబోర్డుకి వేలాడదీయడమే అనుకుంటారు చాలామంది. అది ఇద్దరుంటే అరగంట పని. "కొన్న ఆర్నెల్లకే పొగ లాగట్లేదండీ, దండగ" అని వాపోయేవాళ్ళ వంటింట్లోకి వెళ్ళి చూస్తే, ఎక్కువ చోట్ల మోటారు బ్రహ్మాండంగా తిరుగుతూనే ఉంటుంది. తప్పంతా పైపుది. కబోర్డు తలుపు తీసి, ఆ పైపు ఎటు పోయిందో చూస్తే చాలు, జబ్బు తెలిసిపోతుంది. ఒకచోట పైపు అటక మీదికి ఎక్కి అక్కడే ఆగిపోయింది. పొగంతా అటక మీది బొమ్మల కొలువు పెట్టెల మీదికే.

సామాను గురించి ఎక్కువ చెప్పను. డ్రిల్లింగ్ మిషను, జిగ్‌సా (గుండ్రంగా కోయగల కరెంటు రంపం), టేపు, రసమట్టం, స్క్రూడ్రైవర్లు, సిలికాన్ ట్యూబు, అల్యూమినియం టేపు, 6 అంగుళాల పైపు, దానికో ఎల్బో (పైపుని మలిపే వంపు ముక్క), బయట పెట్టే రెక్కల మూత. అట్టపెట్టెలో చిమ్నీతో పాటు ఇచ్చిన కొలతల కాగితం పారేయకండి, దాంతో పనుంది. స్టవ్ తీసి పక్కన పెట్టండి, సిలిండర్ రెగ్యులేటర్ ఆపండి. గోడకీ, కబోర్డుకీ చిల్లులు పెట్టేటప్పుడు వంటింటి కరెంటు మెయిన్ దగ్గరే ఆపి, డ్రిల్లుకి వేరే గదిలోంచి వైరు లాక్కోండి.

ఇప్పుడు ఎత్తు. స్టవ్ పైభాగం నుంచి చిమ్నీ అడుగుకి 26 నుంచి 30 అంగుళాలు, అంటే సుమారు 65 నుంచి 75 సెంటీమీటర్లు ఉండాలి. మీ మోడల్ పుస్తకంలో అంతకంటే ఎక్కువ రాసి ఉంటే అదే పాటించండి. నేనైతే 28 అంగుళాలే పెడతాను. అంతకు తగ్గితే పొడుగు మనిషి నుదురు తగులుతుంది, పెరిగితే తాలింపు ఘాటు పక్కలకి జారిపోతుంది. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. గట్టు 34 అంగుళాలు, స్టవ్ 5, మధ్య ఖాళీ 28, చిమ్నీ మందం ఓ 6 అనుకుంటే మొత్తం 73. కాబట్టి స్టవ్ మీది కబోర్డు అడుగు నేల నుంచి ఆరడుగుల పైన ఉండాలి. పక్క కబోర్డుల వరసలోనే దీన్నీ కిందికి దించి చేయించుకుని, తర్వాత చిమ్నీ తెచ్చి "ఎలాగోలా సర్దండి" అంటే కుదరదు. ఆ ఒక్క కబోర్డుని కింద నుంచి కోసి పొట్టి చేయించాల్సిందే. కార్పెంటర్ సణుగుతాడు, సణగనివ్వండి. చిమ్నీని మంటకి దగ్గరగా దించితే జాలీలకి పట్టిన నూనె అంటుకునే ప్రమాదం ఉంది.

ఇక అసలు పనికి వద్దాం.

గోడకి చిల్లు పెట్టే ముందు బయటికి వెళ్ళి, అవతల ఏముందో కళ్ళారా చూడండి. పక్కవాళ్ళ పడకగది కిటికీ ఉందా, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఉందా, నీళ్ళ పైపులు దిగుతున్నాయా? స్విచ్‌బోర్డుకి నిలువుగా పైన ఎప్పుడూ చిల్లు పెట్టకండి, లోపల వైర్ల పైపు ఉంటుంది. బీమునీ పిల్లర్నీ ముట్టుకోనేకూడదు. కొత్త అపార్టుమెంట్లలో మైవాన్ పద్ధతిలో కట్టినవి చాలా ఉన్నాయి. వాటిలో ఇటుకే ఉండదు, గోడలన్నీ కాంక్రీటే, భవనం బరువు మోసేవీ అవే. ఆ గోడకి మీ ఇష్టం వచ్చినచోట చిల్లు పెట్టడానికి లేదు. బిల్డరు ముందే చిమ్నీ కోసం చిల్లు వదిలాడేమో చూడండి. లేకపోతే అసోసియేషన్‌నీ బిల్డర్నీ రాతపూర్వకంగా అడిగాకే కోర్ కటింగ్ మనిషిని, అంటే మిషనుతో గోడని గుండ్రంగా కోసేవాణ్ణి పిలవండి. సుత్తీ ఉలీ అక్కడ నిషిద్ధం.

చిల్లు ఎక్కడ రావాలో కాగితం మీద లెక్కలు కట్టకండి. కొలతల కాగితాన్ని కబోర్డు అడుగుకి అంటించి, చిమ్నీ నోటి (పైన పైపు తగిలించే చోటు) మధ్యబిందువు గుర్తు పెట్టండి. ఆ నోరు డబ్బాకి నట్టనడుమే ఉంటుందని అనుకోకండి, కొన్ని మోడళ్ళలో వెనక్కి జరిగి ఉంటుంది. కబోర్డు కొలతని బట్టి మధ్య తీసి చిల్లు కోసేసి, తీరా చూస్తే చిమ్నీ స్టవ్‌కి మూడంగుళాలు పక్కకి వెళ్ళిన ఇళ్ళున్నాయి. మధ్య తీయాల్సింది స్టవ్‌ని బట్టి. తర్వాత జిగ్‌సాతో ఆ బిందువు చుట్టూ ఆరున్నర అంగుళాల గుండ్రం కోయండి. కోసే గీత మీద టేపు అంటిస్తే లామినేట్ పెచ్చులు లేవదు. కోసిన అంచుకి సిలికాన్ పూయండి, లేదంటే ప్లైవుడ్ ఆవిరి తాగి ఉబ్బుతుంది. ఆ చిల్లులోంచి ఎల్బోని నిలబెట్టి, దాని రెండో నోరు గోడని ఎక్కడ తాకుతుందో అక్కడ పెన్సిల్‌తో గుండ్రం గీయండి. గోడ చిల్లు అక్కడ రావాలి.

ఇప్పుడు వాటం. దీని గురించి పది వాక్యాలు రాసినా నాకు తనివి తీరదు. పైపు లోపలి నుంచి బయటికి కొద్దిగా పల్లంగా ఉండాలి. మేస్త్రీలు బాత్రూమ్ గచ్చుకి నీళ్ళ వాటం ఇస్తారు చూడండి, అలాగ. మీటరు పొడవుకి కనీసం ఒక సెంటీమీటరు. 9 అంగుళాల గోడైతే చిల్లు బయటి వైపు మధ్యబిందువు లోపలి దానికంటే పావంగుళం కిందికి ఉండాలి. పావంగుళమే! దాన్ని పట్టించుకోనందుకే మా పిన్ని ఫ్లాట్‌లో మొదటి జడివానకి నీళ్ళు పైపులోంచి ఎదురొచ్చి, కబోర్డులోని కందిపప్పు, మినప్పప్పు పొట్లాలు నానిపోయాయి. బిగించినాయన్ని పిలిస్తే "వాన అటునుంచి కొట్టిందమ్మా, మేమేం చేస్తాం" అన్నాడు. వాన ఎటునుంచైనా కొడుతుంది నాయనా, వాటం ఉంటే బయటికే పోతుంది. వాన ఒక్కటే కాదు, పైపులో చల్లబడిన ఆవిరి నీరవుతుంది. లోపలికి వాటం ఉంటే అది జిడ్డుతో కలిసి చిమ్నీలోకి దిగి, సాంబారు గిన్నెలో పడుతుంది.

వాటం తప్పకుండా ఉండాలంటే ముందు పొడవాటి 10 మిల్లీమీటర్ల బిట్‌తో సన్న చిల్లు పెట్టండి. డ్రిల్లుని కొంచెం కిందికి వాల్చి, రసమట్టం పక్కనే ఆనించి, బుడగ గీత దాటిందో లేదో చూసుకుంటూ. ఆ చిల్లులోంచి ఒక ఇనుప చువ్వ దూర్చి బయట కొలవండి. తప్పనిపిస్తే ఇప్పుడే దిద్దుకోవచ్చు, పెద్ద చిల్లు పెట్టాక దిద్దుబాటు లేదు. ఇటుక గోడైతే ఆ సన్న చిల్లునే కేంద్రంగా పెట్టుకుని లోపలి నుంచి సగం, బయటి నుంచి సగం కొట్టించండి. ఒకవైపు నుంచే బాదితే అవతలి ప్లాస్టరు పళ్ళెమంత పెచ్చు ఊడిపోతుంది. ఎత్తైన అంతస్తుల్లో బయటి పని మీరు చేయకండి, తాళ్ళూ బెల్టులూ ఉన్నవాళ్ళు చేయాలి. ఒకవైపు నుంచే కోసే కోర్ కటింగే అక్కడ మేలు. కింద మనుషులు నడుస్తుంటారని మరవకండి.

పైపు 6 అంగుళాలదే వాడండి. చిమ్నీ నోరు 6 అంగుళాలుంటే, మధ్యలో 4 అంగుళాలకి తగ్గించే ముక్క తగిలించి "ఏం పర్లేదు సార్" అనేవాణ్ణి గుమ్మంలోంచే పంపేయండి. 6 అంగుళాల పైపు నోటి వైశాల్యం 28 చదరపు అంగుళాలు, 4 అంగుళాల దానిది పన్నెండున్నర. సగం కూడా కాదు. బయట డబ్బా మీద గంటకి 1,200 ఘనపు మీటర్ల గాలి లాగుతుందని రాసి ఉన్నా ఏం లాభం, గొంతు నొక్కేశాక?

ముడతల పైపు నేను వాడను. అకార్డియన్‌లా ఉండే ఆ ముడతల్లో జిడ్డు పేరుకుంటుంది, గాలి తడబడుతుంది, చప్పుడు పెరుగుతుంది. తప్పనిసరై వాడితే పూర్తిగా సాగదీసి, మిగిలింది కత్తిరించేయండి. "ఎందుకైనా మంచిది" అని చుట్టచుట్టి కబోర్డులో దాచకండి. పీవీసీ కూడా వద్దు, వేడికి మెత్తబడుతుంది, నిప్పంటుకుంటే విషపు పొగ. ఏసీ డక్టులు చేసే షాపులో అడిగితే జీఐ (జింకు పూత పూసిన ఇనుము) రేకుతో నున్నటి పైపు, ఎల్బో మీ కొలతకి చేసిస్తారు. వంపు ఒక్కటే ఉండాలి. రెండు దాటితే చిమ్నీ చోటే మార్చుకోమంటాను. అసలు పైపే అక్కర్లేదు, బొగ్గు ఫిల్టరు చాలు అనే మోడళ్ళున్నాయి. అవి వాసన కొంత పీల్చి, అదే గాలిని మళ్ళీ వంటింట్లోకే వదులుతాయి. టీ, బ్రెడ్డు చేసుకునే ఇంటికి సరే. ఎండుమిరపకాయలు వేయించే ఇంటికి కాదు.

పైపు దూర్చి, చుట్టూ సందుని సిమెంటు మాలుతో పూడ్చి, బయట సిలికాన్ పట్టించండి. మూతకి గాలికి తెరుచుకునే రెక్కలుండాలి, లేదంటే పావురాలు కాపురం పెడతాయి. దోమల జాలీ మాత్రం బిగించకండి, రెండు నెలల్లో జిడ్డుతో అట్టకడుతుంది.

డబ్బా బిగించడం సులువే. ముందు దాని నోట్లో ఉండే రెండు రెక్కలకి ఫ్యాక్టరీ టేపు ఉంటే పీకేయండి, జాలీల మీది ప్లాస్టిక్ పొర కూడా. గట్టు మీద అట్టపెట్టెలు పేర్చి, వాటి మీద చిమ్నీ ఆనించి, కబోర్డు లోపలి నుంచి బోల్టులు, వెడల్పు వాషర్లు వేసి బిగించండి. కబోర్డు పార్టికల్ బోర్డుదైతే లోపల ఒక ప్లైవుడ్ పట్టీ వేసి దాని మీదుగా బిగించండి, వట్టి స్క్రూలు ఆ బరువుకి కొన్నాళ్ళకి ఊడొస్తాయి. కబోర్డు అడుగున ముందువైపు అంచు పట్టీ కిందికి దిగి ఉంటే, ఆ ఎత్తుకి సరిపడా చెక్క ముక్కలు మధ్యలో పెట్టాలి. పైపుని చిమ్నీ నోటికి స్క్రూలతో బిగించేటప్పుడు పొట్టివి వాడండి. పొడుగు స్క్రూ మొన తగిలి రెక్క సగమే తెరుచుకోవడం నేను ఎన్నిసార్లు చూశానో. అతుకులన్నిటికీ అల్యూమినియం టేపు చుట్టండి. కరెంటుకి ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్ కావాలి, దాని స్విచ్ చేతికందేలా బయట ఉండాలి.

సిలికాన్ ఒక రోజు ఆరాక నడిపి చూడండి. జాలీకి న్యూస్‌పేపర్ ముక్క అంటుకుంటే సంబరపడకండి, ఆ మాత్రం ఏ ఫ్యానైనా చేస్తుంది. తక్కువ స్పీడులో పెట్టి, బయట మూత రెక్కలు తెరుచుకున్నాయో లేదో చూడండి. తర్వాత అగరుబత్తి వెలిగించి స్టవ్ ముందు అంచున పట్టుకుని, పొగ తిన్నగా పైకి లేస్తోందో లేదో గమనించండి. వంటింటి తలుపు, కిటికీ అన్నీ మూసి ఒకసారి, తలుపు ఓరగా తెరిచి ఒకసారి. బయటికి గాలి పోవాలంటే లోపలికి గాలి రావాలి కదా, తేడా మీకే తెలుస్తుంది. స్టవ్ పక్కనున్న కిటికీ మాత్రం తెరవకండి, ఆ గాలి పొగని పక్కకి ఈడ్చుకుపోతుంది.

ఒకవేళ వంటింట్లోగానీ దాన్ని ఆనుకున్న యుటిలిటీలోగానీ గ్యాస్ గీజరు ఉంటే, అదీ చిమ్నీ ఒకేసారి నడపకండి. గీజరు పొగని చిమ్నీ వెనక్కి, ఇంట్లోకి లాగగలదు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. గ్యాస్ లీకు వాసన వచ్చినప్పుడు "చిమ్నీ వేస్తే పోతుందిలే" అని కూడా స్విచ్ నొక్కకండి. సిలిండరు కట్టేసి, కిటికీలు తెరవండి.