ఇంగ్లండ్ పల్లెసీమలో సెలవులకు కాటేజీని ఎంచుకోవడం ఎలా?

సెలవులకు అద్దెకిచ్చే ఇంగ్లిషు కాటేజీల ఫొటోలు వరసగా ఓ ఇరవై చూసేసరికి అన్నీ ఒకే ఇల్లులా కనిపించడం మొదలవుతుంది. రాతిగోడ, గుమ్మం మీదికి పాకిన గులాబీ తీగ, లోపల నల్లటి దూలాలు, చలికాచుకునే ఇనప పొయ్యి, దాని ముందు ముడుచుకుని పడుకున్న కుక్క. వీటిలో ఏదో ఒకటి లేని ప్రకటన ఉండదు. ఫొటోలో పడని సంగతులు మాత్రం ఇంటికీ ఇంటికీ మారిపోతాయి. అక్కడికి చేరే దారి, మేడ మెట్లు, వంటగదిలోని పొయ్యి, దగ్గరి దుకాణం మూసే వేళ ఎలా ఉన్నాయన్న దాన్ని బట్టే ఆ వారం రోజులూ గడుస్తాయి. అందుచేత ముందు మనుషులు, తేదీలు, తర్వాత ప్రాంతం, ఆ తర్వాత దారి, చిట్టచివర ఇల్లు అనే వరసలో వెతకడం మేలు.

1. ఎవరెవరు, ఎప్పుడు

ప్రయాణించేవారి పేర్లు ఒక కాగితం మీద రాసి, ప్రతి పేరు పక్కన ఆ మనిషికి తప్పనిసరిగా కావలసినది ఒక్కటే రాయండి. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారికి కింది అంతస్తులో పడకగది, ఏడాది బాబుకు మెట్లకు అడ్డుగా పెట్టే చిన్న గేటు, సోమవారం ఆఫీసు పని తప్పనివారికి నమ్మదగిన ఇంటర్నెట్. ఈ కాగితంలోకి ఎక్కనివన్నీ ఉంటే సంతోషం, లేకపోతే నష్టం లేదు. అద్దెను పెంచే హంగులన్నిటిలోకీ అతి తక్కువగా వాడేది హాట్ టబ్ అని నా అనుభవం.

తేదీల విషయంలో అద్దెను శాసించేవి స్కూలు సెలవులు. జులై చివరి నుంచి సెప్టెంబరు మొదటి దాకా ఆరు వారాలు, ఈస్టర్ రెండు వారాలు, అక్టోబరు, ఫిబ్రవరి, మే నెలల్లో బడి టర్ము మధ్యలో వచ్చే వారం రోజుల సెలవుల్లో, అంటే హాఫ్ టర్మ్‌లలో, ధరలు బాగా పెరుగుతాయి. బడి పిల్లలు లేని కుటుంబాలకు, ముఖ్యంగా ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తిప్పాలనుకునేవారికి, మే నెల మధ్య లేదా సెప్టెంబరు రెండు, మూడు వారాలు అనువైనవి. చాలా కాటేజీలు శుక్రవారమో శనివారమో మొదలయ్యే వారం లెక్కన ఇస్తాయి. చిన్న విడిదికైతే శుక్రవారం నుంచి సోమవారం దాకా మూడు రాత్రులు, లేదా సోమవారం నుంచి శుక్రవారం దాకా నాలుగు రాత్రులు ఇస్తారు. ఈ రెండింటి అద్దె చాలాచోట్ల ఇంచుమించు ఒకటే కాబట్టి, ఆఫీసుకు సెలవు పెట్టగలిగితే నాలుగు రాత్రులే లాభం.

పగటి వెలుగును కూడా లెక్కలో వేసుకోవాలి. ఉత్తర ఇంగ్లండ్‌లో జూన్ చివర రాత్రి తొమ్మిదిన్నర దాటాక సూర్యుడు అస్తమిస్తాడు, డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి ముసురుతుంది. శీతకాలపు విడిదిలో ఎక్కువ సమయం ఇంట్లోనే గడుస్తుంది గనుక అప్పుడు కొండలు కనిపించే కిటికీ కన్నా అందరూ కూర్చోగల వెచ్చని గదికి డబ్బు పెట్టడం న్యాయం.

2. ప్రాంతం

మొదటిసారి వెళ్లేవారిలో ఎక్కువమంది కాట్స్‌వోల్డ్స్ పేరే చెబుతారు, అందులో తప్పులేదు. తేనె రంగు సున్నపురాతితో కట్టిన ఊళ్లు, మెల్లగా ఎగుడుదిగుడయ్యే గొర్రెల బీళ్లు, లండన్ పాడింగ్టన్ నుంచి సుమారు గంటన్నరలో మోర్టన్-ఇన్-మార్ష్ చేర్చే రైలు, పెద్దవాళ్లు ఆయాసపడకుండా నడవగల దారులు ఉన్న చోటు అది. అయితే బోర్టన్-ఆన్-ద-వాటర్, బైబరీ ఊళ్లలో వేసవి మధ్యాహ్నం పర్యాటకుల రద్దీతో కాలు పెట్టే చోటుండదు. ఆ ఊళ్లను ఉదయం ఎనిమిదింటికే చూసి రాగలిగేలా, నార్త్‌లీచ్, వించ్‌కోమ్, పెయిన్స్‌విక్ వంటి చోట్ల దిగడం తెలివైన పని.

కొండలూ నీళ్లూ కావాలంటే లేక్ డిస్ట్రిక్ట్‌కు సాటి లేదు. ఇంగ్లండ్‌లోకెల్లా ఎత్తయిన స్కాఫెల్ పైక్, 978 మీటర్లు, అక్కడే ఉంది. 2017లో ఆ ప్రాంతమంతటికీ యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. అక్కడ వాన ఎక్కువని అందరూ చెబుతారు గానీ, లోయకూ లోయకూ ఎంత తేడా ఉందో చెప్పేవారు తక్కువ. బారోడేల్ లోయ పైభాగాన ఉన్న సీత్‌వెయిట్‌లో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది. అక్కడికి పది మైళ్ల లోపే ఉన్న కెజిక్‌లో దాదాపు అందులో సగం. సముద్రం మీది నుంచి వచ్చే మబ్బులు ఎత్తయిన కొండలకు తగిలి అక్కడే వర్షించిపోవడం దీనికి కారణం. కాబట్టి చిన్నపిల్లలతో వెళ్లేవారు లోయ మొదట్లో, ఎత్తు కొండలకు మరీ దగ్గరగా ఉన్న ఇంటి కన్నా కెజిక్, ఆంబుల్‌సైడ్ వంటి బజారు ఊళ్ల అంచున ఇల్లు చూసుకుంటే ముసురు పట్టిన రోజున కనీసం టీ దుకాణం దాకా నడవవచ్చు.

వానంటే అసలే గిట్టనివారికి తూర్పున నార్ఫోక్, సఫోక్ కౌంటీలు ఉన్నాయి. అక్కడ ఏడాదికి కురిసేది 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, అంటే మన హైదరాబాద్ కన్నా తక్కువ. నేల చదును, సైకిళ్లకు అనుకూలం. కారు లేనివారు పీక్ డిస్ట్రిక్ట్‌ను ఎంచుకోవాలి. 1951లో బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్కుగా ప్రకటించిన ఈ ప్రాంతం గుండా మాంచెస్టర్, షెఫీల్డ్‌ల మధ్య హోప్ వ్యాలీ రైలు నడుస్తుంది. ఈడేల్ స్టేషన్‌లో దిగితే పెన్నైన్ వే కాలిబాట మొదలయ్యే చోటికి కాసేపట్లో నడిచి చేరవచ్చు. కార్న్‌వాల్ అందమైనదే గాని లండన్ నుంచి కారులో సుమారు అయిదు గంటలు పడుతుంది, మూడు రాత్రులకు అంత దూరం దండగ.

3. దారి

ప్రాంతం తేలాక ఇంటి ఫొటోలను పక్కనపెట్టి పటం తెరవండి. బ్రిటన్ పటాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ఎక్స్‌ప్లోరర్ పటాలు 1:25,000 కొలతలో ఉంటాయి కాబట్టి నేల మీది కిలోమీటరు కాగితం మీద నాలుగు సెంటీమీటర్లు. వాటిలో ఆకుపచ్చ గీతలు జనం హక్కుగా నడవగల దారులు. ఆ గీత మీరు చూస్తున్న ఇంటి గుమ్మం దగ్గరే మొదలవుతుంటే కారు తీయకుండా రోజుకొక నడక దొరికినట్టే. ఎత్తును చూపే గోధుమరంగు గీతలు ఇంటికీ ఊరికీ నడుమ దగ్గర దగ్గరగా ఉంటే, ప్రకటనలో ఊరు పది నిమిషాల నడక అని రాసినా పోయేటప్పుడో తిరిగొచ్చేటప్పుడో నిటారుగా ఎక్కక తప్పదని గ్రహించాలి.

ఉపగ్రహ చిత్రంలో ఇంటి చుట్టూ చూడడం కూడా మరవకూడదు. ఫొటోలో కనపడని పెద్ద రోడ్డు, రైలు పట్టా, పశువుల కొట్టం అక్కడ దొరికిపోతాయి. కొట్టం ఉంటే పేడ వాసన, కోతల కాలంలో పొద్దుపోయేదాకా ట్రాక్టర్ల చప్పుడు ఉంటాయి. పల్లెటూళ్లో పుట్టినవారికి అవి ఇబ్బంది కాకపోవచ్చు.

ఇంగ్లండ్ పల్లెల్లో ఒకే పోస్ట్‌కోడ్ మైలు పొడవున చెదిరి ఉన్న ఇళ్లన్నిటికీ వర్తించవచ్చు. ఒక అక్టోబరులో ష్రాప్‌షైర్ కొండల్లోని కాటేజీకి రాత్రి ఏడున్నరకు బయలుదేరిన మమ్మల్ని పోస్ట్‌కోడ్‌ను నమ్మిన ఫోను ఒక పాల డెయిరీ గేటు ముందుకు తీసుకుపోయి, గమ్యం చేరారని చెప్పింది. టార్చిలైటుతో బయటికొచ్చిన రైతు లోయ అవతలి దీపాన్ని చూపించి, అదే మీ ఇల్లు అన్నాడు. అక్కడికి వెళ్లడానికి రెండు వైపులా కంచె పొదలు అద్దాలను రాసుకునే ఒంటి దారిలో, ఎదురుగా బండి వచ్చిన రెండుసార్లూ వెనక్కి వెనక్కి నడిపి, దారి వెడల్పయ్యే చోట తప్పుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి నేను ప్రతి యజమానినీ రెండు ప్రశ్నలు అడుగుతాను: సరిగ్గా ఇంటి ద్వారం దగ్గరికే చేర్చే గుర్తు ఏది, చివరి రెండు మైళ్ల దారి ఎలాంటిది? లేక్ డిస్ట్రిక్ట్‌లో ఎస్క్‌డేల్ లోయలో దిగేవారైతే తూర్పు నుంచి ఫోను చూపే దగ్గరి దారిని నమ్మవద్దు. అది మూడడుగులకు ఒక అడుగు ఎత్తు పెరిగే హార్డ్‌నాట్ కనుమ మీదుగా పోతుంది.

భారతదేశపు డ్రైవింగ్ లైసెన్సుతో వచ్చిన సందర్శకులు దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచి పన్నెండు నెలల వరకు మామూలు కారు నడపవచ్చు, ఎడమవైపు బండి నడపడమూ మనకు అలవాటే. కారు అద్దెకిచ్చే సంస్థల సొంత షరతులు వేరే ఉంటాయి, అవి ముందే చదువుకోవాలి.

4. ప్రకటనను చదవడం

ప్రకటనల భాషకు విడిగా నిఘంటువు కావాలి. కోజీ అంటే గది చిన్నది. క్యారెక్టర్‌ఫుల్ అంటే దూలాలు మీ నుదుటి ఎత్తులో ఉన్నాయి. రిమోట్ అంటే పాల ప్యాకెట్ కోసం కారు తీయాలి. ఆరుగురు పడుకోవచ్చని రాస్తే, అందులో ఇద్దరు హాల్లోని సోఫా మీద కాదు కదా అని అడగండి. గదుల కొలతలు రాసిన ఇంటి ప్లాను ఉంటే అది యాభై ఫొటోల పెట్టు.

వారసత్వ కట్టడాల జాబితాలో చేరిన పాత ఇళ్లలో కిటికీలు మార్చాలన్నా అనుమతి తెచ్చుకోవాలి. అందుకే చాలావాటికి ఇప్పటికీ ఒంటి అద్దమే ఉంటుంది, చలి లోపలికి వస్తుంది. అలాంటి ఇంటిని చలికాలంలో తీసుకునేటప్పుడు వేడి దేనితో వస్తుందో, ఆ ఖర్చు అద్దెలో కలిసిందో లేదో, పొయ్యికి కట్టెలు ఎన్ని బుట్టలు ఇస్తారో అడగడం మొహమాటపడే విషయం కాదు. మెట్ల సంగతి మరింత ముఖ్యం. పాత కాటేజీల్లో మెట్లు నిచ్చెనలా నిటారుగా, మలుపు దగ్గర ఒక కొస అరికాలు కూడా ఆనని వెడల్పుతో ఉంటాయి. స్నానాలగది కిందా పడకగది పైనా ఉంటే రాత్రిపూట పెద్దవాళ్లకు అదే పెద్ద గండం. మెట్ల ఫొటో ఒకటి పంపమని అడగండి. పంపడానికి తటపటాయించేవారి ఇల్లు వద్దనుకోవచ్చు.

చరిత్ర మీద మక్కువ ఉన్నవారు 1965లో మొదలైన ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ బాగుచేసి అద్దెకిచ్చే కోట బురుజులు, ద్వారగృహాలు చూడవచ్చు. వాటిలో టీవీ ఉండదని పిల్లలకు ముందే చెప్పి తీసుకువెళ్లండి.

5. వంటగది

వారం రోజులు బ్రెడ్డుతో గడపలేని మన కుటుంబాలకు ఇది ఇంటిలోకెల్లా ముఖ్యమైన గది, ప్రకటనలో మాత్రం దానికి ఒక్క ఫొటో ఉంటుంది. దాన్ని పెద్దది చేసి పొయ్యి చూడండి. నున్నటి నల్లని గాజుపలక ఉంటే అది ఇండక్షన్ కావచ్చు, దాని మీద అల్యూమినియం కుక్కర్ పనిచేయదు. అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు గిన్నె కావాలి. ఒకసారి మేము ఇంటి నుంచి ముచ్చటపడి మోసుకెళ్లిన కుక్కర్‌ను దాని మీద పెట్టగా, ఒక గుర్తు మిణుకుమిణుకుమంటూ ఆరిపోయింది, కందిపప్పు నానిన గిన్నె మూడు రోజులు ఫ్రిజ్‌లోనే కూర్చుంది. ఫొటోలో రెండు గుండ్రటి మూతలున్న బరువైన ఇనప పొయ్యి కనిపిస్తే అది ఆగా అనే రకం పొయ్యి. సంప్రదాయ రకమైతే అది రోజంతా వేడిగానే ఉంటుంది, మంట తగ్గించే మీట ఉండదు; అన్నం పొంగితే గిన్నెనే పక్కకు జరపాలి.

ఎండుమిర్చి నూనెలో పడగానే తక్కువ ఎత్తు కప్పుకు బిగించిన పొగ అలారం మోగడం ఖాయం. పొగను బయటికి లాగే ఫ్యాన్ ఉందా, వంటగదికి తెరుచుకునే కిటికీ ఉందా అని అడగండి. అలారాన్ని ఊడదీసి పెట్టడం మాత్రం ఎన్నడూ చేయరాదు. భారతదేశంలో కొన్న రైస్ కుక్కర్‌కు అక్కడి విద్యుత్తు సరిపోతుంది గాని ప్లగ్గు పట్టదు, తగిన అడాప్టరు తీసుకువెళ్లాలి.

సరుకుల విషయానికొస్తే, ఇంగ్లండ్‌లో 280 చదరపు మీటర్లకు మించిన దుకాణాలు ఆదివారం ఉదయం పదికీ సాయంత్రం ఆరుకూ మధ్య ఆరు గంటలు మాత్రమే తెరవాలి. పెద్ద సూపర్‌మార్కెట్లు చాలా కాటేజీలకు సరుకు తెచ్చి ఇస్తాయి. కరివేపాకు, ఇంగువ, చింతపండు ఇంటి నుంచే కట్టుకోండి, పల్లెలో దొరకవు.

6. చిన్న విషయాలు

ఫోన్ సిగ్నల్ ఎలా ఉందో టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ ఇచ్చి మీ కంపెనీ పేరు మీద చూసుకోండి. ఊరికి దూరంగా ఉన్న ఇళ్లకు మురుగు కాలువ ఉండదు, తోటలో సెప్టిక్ ట్యాంకు ఉంటుంది, అందులో తడి టిష్యూలు వేయకూడదు. మరుగుదొడ్డిలో చేతి షవర్ ఉంటుందని ఆశించవద్దు, ఒక చెంబు సంచిలో పడేయండి.

7. డబ్బు కట్టడం

మామూలుగా అద్దెలో పావో మూడోవంతో ముందు కట్టించుకుని, మిగతాది ప్రయాణానికి కొన్ని వారాల ముందు అడుగుతారు. ఆన్‌లైన్ కొనుగోళ్లకు వర్తించే పద్నాలుగు రోజుల రద్దు హక్కు నిర్దిష్ట తేదీలకు తీసుకునే బసకు వర్తించదు కనుక, రద్దు షరతులు చదివాకే మీట నొక్కాలి. దొంగ ప్రకటనలు నిజమైన ఇళ్ల ఫొటోలతోనే వస్తాయి. ఆ ఫొటోను ఇమేజ్ సెర్చ్‌లో వెతికితే అదే ఇల్లు మరో పేరుతో, మరో కౌంటీలో కనిపించవచ్చు. బ్యాంకు బదిలీ ద్వారానే పంపమని తొందరపెట్టేవారికి పైసా పంపవద్దు. 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల దాకా ఖరీదున్నదానికి క్రెడిట్ కార్డుతో నేరుగా చెల్లిస్తే, 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ కింద తేడా జరిగినప్పుడు కార్డు కంపెనీ కూడా బాధ్యత వహిస్తుంది. మధ్యవర్తి ద్వారా చెల్లించినప్పుడు ఈ రక్షణ నిలవకపోవచ్చు.

ఇంట్లోకి అనుమతించేది మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల తర్వాతే. యజమాని ఉండరు, తాళంచెవి గుమ్మం పక్కన అంకెల పెట్టెలో ఉంటుంది. ఆ అంకెలనూ దారి వివరాలనూ ఫోన్‌లోనే కాక కాగితం మీద కూడా రాసుకుని కారులో పెట్టుకోండి.