చిన్న దేశం పలుకుబడిని లెక్కగట్టడం ఎట్లా

కర్నూలు, అనంతపురం స్టడీ హాళ్లలో గ్రూప్‌-1కు చదివేవాళ్ల నోట్సు చూస్తే చిన్న దేశమంటే రాజధాని, కరెన్సీ, జనాభా. వాటితో పలుకుబడి తెలీదు. దేశానికో పేజీ పెట్టుకుని పైన ఒకే ప్రశ్న రాయండి: వీళ్లు రేపు తలుపు మూసేస్తే నష్టం ఎవరికి?

ఖతార్‌తో మొదలుపెట్టండి. 2017 జూన్‌ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్‌, ఈజిప్టు తెగతెంపులు చేసుకున్నాయి. ఖతార్‌కున్న ఒకే ఒక్క భూసరిహద్దు సౌదీతో, అదీ మూతపడింది. పాల కోసం ఆవుల్ని విమానాల్లో దించుకుంది గానీ, తన వార్తా ఛానెల్‌ అల్‌ జజీరాను మూయడంతో సహా 13 డిమాండ్లకూ లొంగలేదు. 2021 జనవరిలో రాజీ కుదిరింది. ఎట్లా నిలబడిందో పేజీలో రాయండి. దాని ఎల్‌ఎన్‌జీ (ద్రవరూప సహజవాయువు) ఓడల్లో పోతుంది, సౌదీ రోడ్డుతో పనిలేదు. అమెరికా సైనిక స్థావరం అల్‌ ఉదైద్‌ అక్కడే ఉంది. తెగతెంపులు చేసుకున్న యూఏఈ కూడా సముద్రం అడుగున వేసిన డాల్ఫిన్‌ పైపులైన్‌లో ఖతార్‌ గ్యాస్‌ తీసుకుంటూనే ఉంది. ఈ మూడోదే చాలామంది వదిలేస్తారు, జవాబుకు బరువు దీనితోనే.

కిందనే ఎర్ర సిరాతో: 2025 జూన్‌లో అల్‌ ఉదైద్‌పై ఇరాన్‌ క్షిపణులు, సెప్టెంబరులో దోహాపై ఇజ్రాయెల్‌ దాడి. స్థావరం గొడుగే, గురి కూడా అదే.

తర్వాత, ఎంతమందికి అవసరమో లెక్కపెట్టండి. మన మెట్ట చేలల్లో ఏడు సాళ్ల వేరుశనగకు ఒక సాలు కంది వేసేది వాన తప్పితే చేనంతా పోకుండా. తూర్పు ఆఫ్రికాలోని జిబూతీదీ అదే లెక్క: అమెరికా, ఫ్రాన్స్‌, జపాన్‌, 2017 నుంచి చైనా, అందరి స్థావరాలూ ఒకే నేల మీద. పసిఫిక్‌ ద్వీపం నౌరును దీంతో కలపొద్దు. దాని గుర్తింపు 2002లో చైనాకు, 2005లో తైవాన్‌కు, 2024లో మళ్లీ చైనాకు. అది అంతర పంట కాదు, ఉన్న పంట దున్నేసి ఇంకోటి వేయడం.

ఓటు సంగతి క్లుప్తంగా చాలు. ఐక్యరాజ్య సమితిలో 193 దేశాలకూ తలా ఒక ఓటు. పసిఫిక్‌ ద్వీప దేశం వనువాటు ముందుండి నడిపిన తీర్మానం 2023 మార్చి 29న సర్వసభలో ఆమోదం పొందింది; అది కోరినట్టే వాతావరణ మార్పుపై అంతర్జాతీయ న్యాయస్థానం 2025 జూలై 23న అభిప్రాయం చెప్పింది. దాన్ని ‘తీర్పు’ అని రాస్తే తప్పు, అది సలహా మాత్రమే.

పేజీలో చివరి గడిని, ఆ దేశం ఇప్పుడు ఎటు మొగ్గుతోందన్నదాన్ని, పెన్సిలుతో నింపండి. మాల్దీవుల నుంచి భారత సైనికులు 2024 మేలో వెళ్లిపోయారు. అక్టోబరులో మాల్దీవుల అధ్యక్షుడు ముయిజ్జు ఢిల్లీకొచ్చి 40 కోట్ల డాలర్ల కరెన్సీ మార్పిడి ఏర్పాటు పట్టుకెళ్లారు. మేలో ‘భారత్‌కు దూరం’ అని పెన్నుతో రాసుకున్నవాళ్లు ఆ పేజీ చింపుకోవాల్సి వచ్చింది.